కార్యదర్శి వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఎండనపడి టెక్కలి దాకా వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. మన పక్షుల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా సంగతిలోకి వస్తాను.

ముందు కృతజ్ఞతలు. తేలినీలాపురం ఊరివాళ్లకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. పెరటి చెట్ల మీద పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కడితే నెలల తరబడి ఆ రెట్ట, ఆ నీచు కంపు, నోటి నుంచి జారి వాకిట్లో పడే చేపలు, అన్నీ భరించేది వాళ్లు. మనం ఆదివారం పొద్దున్న బైనాక్యులర్ మెడలో వేసుకుని వెళ్లి, వాళ్లిచ్చిన టీ తాగి వస్తాం. ఈ కంపు ఎలా ఓర్చుకుంటున్నారని మనవాళ్లలో ఒకరు అడిగితే ఒక ముసలమ్మ, "కన్నోరింటికి పురిటికొచ్చిన పిల్లల్ని పొమ్మంతామేటి బాబూ?" అంది. అడిగినాయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. అలాగే భావనపాడు మత్స్యకారులకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన హైస్కూలు మాస్టార్లకు, మైకు అద్దె తీసుకోని సౌండ్ సిస్టమ్ తమ్ముడికి, పులిహోర చేసి పంపిన మహిళా సభ్యులకు, పేర్లు మర్చిపోయిన మిగతా అందరికీ ధన్యవాదాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గ పని వలలు కట్టడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ చుట్టుపక్కల ఎన్ని పెద్ద చెట్లు పడ్డాయో మీ అందరూ కళ్లారా చూశారు. మిగిలిన కొమ్మల మీదే గూళ్లు కిక్కిరిసిపోతున్నాయి. గాలి విసిరినా, పక్క పిల్ల తోసినా గూట్లోది కింద పడుతుంది. పడినదాన్ని తల్లి నేల మీదికి దిగి మేపదు, కుక్కలేమో కాచుకుని ఉంటాయి. భావనపాడు వెళ్లి పాత వలలు అడిగితే కాదనకుండా ఇచ్చారు. అటవీ సిబ్బందికి చెప్పి, మూడు చెట్ల కింద నిలువెత్తున, మంచం నులకలాగా బిగించాం.

మొదటిసారి తప్పు చేశామని ఒప్పుకోవాలి. వల కన్ను పెద్దది. వారం తిరగకముందే ఒక పిల్ల కాలు అందులో ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికి వల కోయాల్సి వచ్చింది. వలలిచ్చిన మత్స్యకారుల్లో ఒకాయన వచ్చి చూసి, "ఇది పెద్ద చేపల వల, చిన్న కన్నుది ఇస్తాను ఉండండి" అని నవ్వాడు. ముందే ఆయన్ని అడగాల్సింది. వల మార్చాక మళ్లీ ఏ కాలూ ఇరుక్కోలేదు.

ఆ ఇరుక్కున్న పిల్ల సిబ్బంది వచ్చేదాకా ఒక రాత్రి మన సభ్యుడి వసారాలో ఉంది. ఒంటినిండా తెల్లటి నూగు. పళ్లెంలో చేపలు పెడితే కన్నెత్తి చూడలేదు. గూట్లో అయితే తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తింటుంది కదా, అది గుర్తొచ్చి ఆయన చిన్న చేపల్ని వెడల్పు మూతి చెంబులో వేసి వంచి పట్టుకున్నాడు. మెడ దాకా లోపలికి దూర్చేసిందట. ఆ చెంబు ఇప్పుడు వాళ్లింట్లో మంచినీళ్లకి పనికిరాకుండా పోయింది. కొత్తది కొనివ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌కి, అంటే ఏటా జరిగే నీటిపక్షుల లెక్కింపుకి, నౌపడ వైపు లెక్కలు తీశాం, ఫారాలు పంపాం. పక్షుల పండక్కి కట్టిన బ్యానర్ మీద "సైబీరియా అతిథులకు స్వాగతం" అని పడింది. ఈ పెలికాన్లు సైబీరియావి కావు, మన దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగే పక్షులు. 1946 నాటికే పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర వీటి పెద్ద గూళ్ల కాలనీని పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గుర్తించారు. పదేళ్లుగా చెబుతున్న నేనే ప్రూఫు చూడలేదు, క్షమించాలి.

2021 డిసెంబరులో మొదలై పెలికాన్లు వరసగా చచ్చిపడటం, చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేలడం ఎవరం మర్చిపోలేదు. చచ్చిన పక్షి కనిపిస్తే చేత్తో తాకకుండా, ఫొటో గ్రూపులో పెట్టి ఊరుకోకుండా, వెంటనే అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.

గూళ్ల పక్కనుంచి పోయే కరెంటు తీగలకు తొడుగులు వేయమని సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం. మొదటిది కనపడలేదన్నారు. రెండోదానికి అంచనా వేస్తామన్నారు. మూడోది తీసుకెళ్లిన రోజు అంచనా వేయాల్సినాయన బదిలీ అయ్యారు. నాలుగోది నా సంచిలోనే ఉంది. ఈసారి అధ్యక్షుల వారు కూడా నాతో రావాలి.

జమాఖర్చుల కాగితం మీ చేతుల్లో ఉంది. కోశాధికారి ఆడిట్ చేయించారు, కాస్త మిగులు చూపించారు. చందా బకాయిలు వసూలైతే ఆ మిగులు నిజమవుతుంది. ప్రశ్నలుంటే భోజనాలయ్యాక ఆయన్నే అడగండి.

ఇక మొక్కల సంగతి. వానాకాలంలో మర్రి, రావి, చింత మొక్కలు నాటిన రోజు గ్రూప్ ఫొటోలో నలభై ముగ్గురం ఉన్నాం, నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. వేసవిలో బిందెలు పట్టుకుని వచ్చింది నలుగురు. వాళ్లలో ఇద్దరు మన సభ్యులు కూడా కాదు, ఆ ఊరి ఆడవాళ్లు. సగం మొక్కలు ఎండిపోయాయి. కొందరు మిత్రులు ఎండిన మొక్క ముందు నిలబడి కూడా ఫొటో పెట్టారు, దానికి లైకులు బాగానే వచ్చాయి.

నీళ్ల వంతుల కాగితం సంతకాల పుస్తకం పక్కనే పెట్టాను. ఏ వారం ఎవరిదో భోజనాలకి లేవకముందే రాసేయండి. లేచాక ఎవరూ దొరకరు.