ప్రతి పోలీసు నడుముకూ తుపాకీ వద్దు: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి గారికి నమస్కారం.

గస్తీకి వెళ్లే ప్రతి పోలీసుకూ తుపాకీ ఇవ్వాలన్న ప్రతిపాదనపై మేమిచ్చిన వినతిపత్రాలకు మీ కార్యాలయం నుంచి జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

పోలీసుల ప్రాణాలకు రక్షణ కావాలి, అందులో వాదనే లేదు. నేరస్తుల దగ్గర తుపాకులు విరివిగా ఉన్నచోట లెక్క వేరని కూడా ఒప్పుకుంటాను. కానీ డ్యూటీలో ఎక్కువగా ఎదురయ్యేది ట్రాఫిక్, ఇంటి గొడవలు, తప్పిపోయిన పిల్లలు. తాగి మీద పడుతున్న మనిషిని లొంగదీసేటప్పుడు, నడుముకు తుపాకీ ఉన్న కానిస్టేబుల్‌కు ఒక చెయ్యి దాన్ని కాపాడుకోవడానికే సరిపోతుంది. అది ఎదుటివాడికి చిక్కితే? జనంలో గురి తప్పితే? తూటా తగిలిన బాటసారి కుటుంబానికి ఏ విచారణ కమిటీ ఏం తిరిగిస్తుంది? కాల్చిన కానిస్టేబుల్‌కూ ఆ తర్వాత నిద్ర ఉండదు.

ఇంగ్లండ్‌లో మామూలు పోలీసులు ఇప్పటికీ తుపాకీ లేకుండానే గస్తీ తిరుగుతారు. అవసరమైతే శిక్షణ పొందిన సాయుధ బృందాలు వస్తాయి. న్యూజిలాండ్ 2019లో సాయుధ గస్తీ బృందాలను ప్రయోగాత్మకంగా దింపి, 2020లో వద్దనుకుంది. ముందు అహింసా మార్గాలే ప్రయత్నించాలని 1990 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాలు చెబుతున్నాయి.

ఈ ప్రతిపాదనను నిలిపివేయండి. ఆయుధాలను ప్రత్యేక బృందాలకే పరిమితం చేయండి. తుపాకీ బయటకు తీసిన ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా ప్రజలకు వెల్లడించాలని ఆదేశించండి. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక పౌరుడు