డజను ఒక డైము

ప్రియమైన ఓబులేశూ,

రేయ్, మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. అమెరికాలో మీ చిన్నోడు జీతం పెంచమంటే వాడి మేనేజరు "నీలాంటి ఇంజనీర్లు డైమ్ ఎ డజన్" అన్నాడని చెప్పి, "డైమ్ ఎ డజన్ అంటే ఏమిరా, మా చిన్నోడు పనికిరాడనా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే "సరేలే, పడుకో" అనేశావు. నీ గొంతు నాకు తెలీదా? ఐదో తరగతి నుంచి వింటున్నా. ఫోన్లో అయితే మళ్లీ మధ్యలో తెంపేస్తావు, అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

డైము అంటే అమెరికాలో పది సెంట్ల నాణెం. వాళ్లు వాడే నాణేల్లో సైజులో అన్నిటికన్నా చిన్నది, పల్చనిది. ఒకప్పుడు అక్కడ కోడిగుడ్లు డజను ఒక డైముకే దొరికిన రోజులున్నాయి. మొదట్లో అది మంచి బేరం. పోను పోను ఆ మాటకు ఎక్కడ పడితే అక్కడ దొరికేది అనే అర్థం అంటుకుంది. మనం "ఇట్లాంటోళ్లు వీధికి పదిమంది" అంటామే, అదీ అర్థం. అంటే ఆ మేనేజరు మీవాడికి పని రాదని అనలేదురా. నీలాంటి ఇంజనీర్లు కావలసినంతమంది ఉన్నారు, నువ్వు పోతే ఇంకొకడు వస్తాడు అన్నాడు. అది బెదిరింపు. మూడు నెలలు రాత్రుళ్లు కూర్చుని పని తెమిల్చిన పిల్లవాడు జీతం పెంచమని అడిగితే ఇచ్చే జవాబేనా అది? నాకే ఇంత మండుతోందే, తండ్రివి, నీకెలా ఉంటుందో!

ఆ డైములో 1964 దాకా నూటికి తొంభై పాళ్లు వెండే. ఈ సంగతి మీవాడికి చెప్పు. చవక అనడానికి వాళ్లు పట్టుకున్నది వెండి నాణేన్ని.

నిజంగా పనికిరాదు అనాలంటే వాళ్లకు వేరే మాటలున్నాయి. పాఠం చెప్పినన్నాళ్లూ వీటిని బోర్డు మీద వరసగా రాయించి, అర్థాలు అప్పజెప్పించి వదిలేశాను. ఇప్పుడు ఒక్కోదాన్ని తీసి చూస్తుంటే ప్రతిదాని వెనకా ఎవరిదో ఖాళీ జేబు కనిపిస్తోంది. "ప్లగ్డ్ నికెల్ కూడా చెయ్యదు" అంటారు. నికెల్ అంటే వాళ్ల ఐదు సెంట్ల నాణెం. మోసగాళ్లు నాణేనికి తొర్ర పెట్టి, అసలు లోహం తీసుకుని, ఆ తొర్రలో ఏదో పనికిమాలిన లోహం కూరేవాళ్లు. చెల్లదని తెలిసేది అంగడిలో ఇచ్చినప్పుడే. మన చిల్లిగవ్వ లేదూ, దాని పక్కన పెట్టొచ్చు. గవ్వలు కూడా ఒకప్పుడు డబ్బే కదా, మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి బెంగాల్లో, ఒడిశాలో చెల్లేవి. అసలే గవ్వ, దానికి చిల్లు కూడా పడితే ఇంకెవరు ముట్టుకుంటారు?

చిల్లు అంటే మా అవ్వ గుర్తొస్తోంది. ఆమె పెట్టెలో అడుగున, పసుపు గుడ్డ మూటలో ఒక చిల్లు కానీ ఉండేది. కానీ అంటే పాతకాలపు చిన్న నాణెం. ఎర్రగా, నడిమధ్యలో ఇంత బొక్కతో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగి కరువై 1943 నుంచి 1947 దాకా టంకశాలే అట్లా చిల్లు పెట్టి కొట్టింది. రూపాయికి అరవై నాలుగు. చిల్లు ఉన్నా విలువ పైసా కూడా తగ్గలేదు. మా నాయన చిన్నప్పుడు అది మొలతాడుకు వేలాడేదట. ఆ బొక్క అంచు తాడు రాపిడికి నున్నగా అరిగిపోయి ఉంది. వేలు పెట్టి తిప్పితే ఒక పక్క మాత్రం కొంచెం పల్చగా తగులుతుంది. అవ్వ దాన్ని ఖర్చు పెట్టలేదు, పారేయనూ లేదు.

"నాట్ వర్త్ ఎ కాంటినెంటల్" అని ఇంకొకటుంది. దీని కథ పెద్దది. 1775లో అమెరికా వాళ్లు బ్రిటన్ మీద యుద్ధానికి దిగారు. పన్నులు వేసే అధికారం వాళ్ల కాంగ్రెస్‌కు లేదు. ఇంక చేసేదేముంది, కాంటినెంటల్ అనే కాగితం నోట్లు అచ్చేశారు. వేసేకొద్దీ విలువ పడిపోయింది. దానికి తోడు బ్రిటిష్ వాళ్లు దొంగనోట్లు కొట్టి వదిలారు. 1781 వచ్చేసరికి ఆ నోటు తీసుకునే దిక్కు లేదు. చివరికి 1790లో ప్రభుత్వం నూటికి ఒకటి చొప్పున బాండ్లిచ్చి చేతులు దులుపుకుంది. ఆ నోట్లు జీతంగా తీసుకుని యుద్ధం చేసిన సిపాయిల గురించి ఆలోచించు. కొందరు అవసరానికి నిలవలేక అంతకు ముందే ఎంతకో అంతకు అమ్ముకున్నారు. వాళ్ల కడుపుకోత ఇప్పుడు ఒక జాతీయంగా మిగిలింది.

దమ్మిడీ మాట కూడా చెప్పాలి, నీకు ఇష్టం కదా ఇవన్నీ. అక్బరు కాలంలో దామ్ అనే రాగి నాణెం ఉండేది, నలభై దాములు ఒక రూపాయి. దామ్‌లో ఎనిమిదో వంతు దమ్‌డీ. అదే మన నోట్లో దమ్మిడీ అయింది. నాకేం లెక్కలేదు అనడానికి ఇంగ్లీషువాళ్లు "ఐ డోంట్ గివ్ ఎ డామ్" అంటారే, అది ఈ దామ్ నుంచే వచ్చిందని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఊహించింది. నేనూ కొన్నేళ్లు క్లాసులో సంబరంగా చెప్పాను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం ఊహ తెలివైనదే కానీ ఆధారం లేదని కొట్టేసింది. అది ఉత్త తిట్టుమాటేనట. పోనీలే, మన డబ్బు మాట ఉందిగా. డబ్బు అంటే మొదట ఒక చిన్న రాగి నాణెం. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసులో ఇరవై రాగి కాసులకు సమానం. ఆ చిన్న నాణెమే ఈవేళ మొత్తం సొమ్ముకంతా పేరై కూర్చుంది.

ఇంక నీకు చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. జీతం మరీ తక్కువైతే వాళ్లు "పీనట్స్" అంటారు. శెనక్కాయలు! వాళ్ల దేశంలో ఒకప్పుడు అది పందులు, పేదలు తినే తిండి. అందుకని ఆ మాట. కానీ మన అనంతపురం జిల్లాలో పుట్టినవాడు ఆ మాట ఎట్లా అంటాడ్రా? మీ నాయన విత్తనానికి కాయలు ఏరడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అరుగు మీద గోనెపట్ట పరుచుకుని, ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు. గలగలమంటే పక్కకు. గింజ నిండుగా పట్టి చప్పుడు చెయ్యకపోతే బొటనవేలితో ముక్కు దగ్గర నొక్కి, ఠప్పుమని విడగొట్టి, లోపలి తొక్క రంగు చూసేవాడు. తొక్క చెదిరిన గింజ మొలవదని తిట్టి మనకు తినడానికి ఇచ్చేవాడు. వాన ఒక్క పదును తప్పితే ఆ ఏడు మీ ఇంట్లో పండగ లేదు. గింజ అమ్మితే నీ కాలేజీ ఫీజు, కాయ తీసిన శెనక్కట్టె మిగిలితే ఎద్దులకు మేత. చిన్నోడు అమెరికా పోయిన విమానం టికెట్టు కూడా ఆ చేలోదే కదా.

అందుకే అడుగుతున్నా. వాడికి ఫోన్ చేసి "పోనీలే నాయనా, సర్దుకో" అనొద్దు. ఆ మాట తప్పు అని చెప్పు. అన్నవాడు పెద్ద ఉద్యోగంలో ఉన్నా తప్పేనని చెప్పు. పని మారాలనుకుంటే మారమను, వయసుంది, చేతిలో పనుంది. వాడు నాతో మాట్లాడతానంటే ఎంత రాత్రైనా సరే, నేను మేలుకునే ఉంటాను.

అక్క మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? విత్తనం కాయలు ఎప్పుడు వలుస్తున్నారో రాయి. ఆ వారానికి నేనూ వస్తా. అవ్వ చిల్లు కానీ కూడా తెస్తా, నువ్వు చూసి ముప్పై ఏళ్లవుతోంది. కదిరిలో బస్సు దిగి ఫోన్ చేస్తా, పెద్దోన్ని బండి తీసుకుని పంపు.

నీ
నరసింహులు