కుక్కల పార్కు అడిగేముందు కంచె అడగండి

అయ్యా,

విజయవాడలో పెంపుడు కుక్కలకు విడిగా పార్కు కావాలంటూ పోయిన వారం మీ పత్రికలో వచ్చిన పాఠకుల అభిప్రాయాలు చదివాను. నేనూ కుక్కను పెంచుకుంటున్నవాణ్నే. పార్కు కావాలనడంతో నాకు పేచీ లేదు. హైదరాబాదు కొండాపూర్‌లో 2018లోనే అలాంటిది తెరిచారు, మనకెందుకు వద్దు? కానీ వాళ్లలో చాలామంది 'ఉన్న పార్కుల్లోనే పొద్దున ఓ గంట వదలనిస్తే చాలు' అన్నారు. అక్కడే ఒళ్లు మండింది.

ఆ గంటలో పార్కులో ఉండేది మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే పెద్దవాళ్లు, బడికి ముందు ఆడుకోవడానికొచ్చిన పిల్లలు. మా పేట పార్కులో కొందరు ఇప్పటికే గొలుసు విప్పేస్తున్నారు. అదేమని అడిగితే 'ఏమీ అనదండీ, చాలా మంచిది' అంటారు. డెబ్బై ఏళ్ల మనిషికి తుంటి విరగాలంటే కుక్క కరవనక్కర్లేదు, ముద్దుగా మీదికి దూకినా చాలు. పెంచే జంతువు వల్ల ఎదుటివాళ్లకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి ఏ పార్కు బోర్డు మీదా నేను చూడలేదు.

కుక్కల్ని వదిలే చోటుకు ఎత్తయిన కంచె, ఒకదాని తర్వాత ఒకటి రెండు గేట్లు ఉండాలి. మొదటిది మూశాకే రెండోది తెరవాలి, గొలుసు ఆ మధ్యలోనే విప్పాలి. వదిలేసిన కుక్కల నడుమకు ఒకదాన్ని గొలుసుతో లాక్కెళితే తప్పించుకునే దారి లేక అది బెదిరి కరుస్తుంది. పొమెరేనియన్‌కూ రాట్‌వీలర్‌కూ ఒకే ఆవరణ పనికిరాదు. పరిగెత్తే చిన్న కుక్కను పెద్దది వేటగా తరుముతుంది, అప్పుడు యజమాని అరిచినా వినదు. బంతులు, బిస్కెట్లు లోపలికి తేకూడదు, కొట్లాటలు చాలావరకు వాటి దగ్గరే మొదలవుతాయి. ఎదకొచ్చిన ఆడకుక్కను ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంచాలి. టీకాలు పూర్తికాని కూనల్నీ అంతే, కూనల ప్రాణాల మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. రేబిస్ టీకా కార్డు గేటు దగ్గరే చూడాలి.

ఇన్నీ ఉన్నా యజమాని కళ్లు ఫోనులో ఉంటే లాభం లేదు. కుక్క ఒళ్లు బిగబట్టినా, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, తోక కాళ్ల మధ్య దాచుకున్నా వెంటనే గొలుసు వేసి బయటికి తీసుకెళ్లిపోవాలి.

స్థలం ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన పల్లపు ప్రాంతాలు ఇందుకు వద్దు. నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కలకే కాదు, మనుషులకూ సోకుతుంది. మన మే నెల ఎండలకు నీడ, తాగే నీళ్లు లేకపోతే పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు వడదెబ్బకు ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

కట్టడం ఒక ఎత్తు, చూసుకోవడం మరో ఎత్తు. శిలాఫలకం వేసిన ఏడాదికే మా పార్కులో దీపాలు పోయాయి, మరుగుదొడ్డికి తాళం పడింది, వ్యాయామ పరికరాలు విరిగాయి. కుక్కల గురించి ఫిర్యాదు చేస్తే ఒక విభాగం ఇంకో విభాగం పేరు చెబుతుంది, అక్కడికి వెళితే సారు మీటింగులో ఉన్నారంటారు. ఇలాంటివాళ్ల చేతికి కుక్కల పార్కు ఇస్తే గేటు గొళ్లెం ఊడిన రోజున బాగుచేసేదెవరు?

కాబట్టి ముందు బాధ్యుడైన అధికారి ఎవరో పేరు, ఫోన్ నంబరుతో సహా ప్రకటించాలి. అన్ని హంగులతో పార్కు తయారయ్యేదాకా, మామూలు పార్కుల్లో గొలుసు విప్పినవాళ్లకు అక్కడికక్కడే జరిమానా రాయాలి.

— ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ