శీనుకి, ఆ బాకూ పుస్తకాల సంగతి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నాలుగూ అజర్‌బైజాన్ రాజధాని బాకూలో అచ్చయినవే, నాలుగింట్లోనూ ఉన్నది అజర్‌బైజానీయే. ఒక్కోటి ఒక్కో భాషలా కనపడిందంటే నీ కళ్ళ తప్పేం లేదు. డెబ్భై ఏళ్ళ సోవియట్ పాలనలో ఆ భాష లిపి మారుస్తూనే వచ్చింది. సంవత్సరం ఉన్న పేజీ చిరిగిపోయినా పర్లేదు, అక్షరాలు చూస్తే కాలం పట్టేయొచ్చు.

అరబ్బీ లిపిలో ఉన్నది 1929కి ముందుది. ఆ భాషకి తొమ్మిది అచ్చులు, ఆ లిపిలోనేమో చాలా అచ్చులు రాయరు. గకారం, లకారం రాసి ఊరుకుంటే అది ‘గ్యల్’ (రా) కావచ్చు, ‘గిల్’ (బంకమట్టి) కావచ్చు. అందుకే 1922 నుంచే సమద్ ఆగా ఆగామలీ ఓగ్లూ బృందం లాటిన్ లిపి కోసం పట్టుబట్టింది. 1926లో బాకూలో తుర్కు భాషల పండితుల మహాసభ జరిగింది. 1929 జనవరి 1 నుంచి లాటిన్ తప్పనిసరి. పిల్లలకి చదువు తేలికైన మాట నిజమే. కానీ మదరసాలో చదువుకున్న పెద్దాయన రాత్రికి రాత్రే నిరక్షరాస్యుల లెక్కలో పడ్డాడు. పాత మతగ్రంథాలకీ కొత్త తరానికీ మధ్య దారి తెగడం పాలకులకి కావలసిందే అని నా అనుమానం.

రెండో పుస్తకం చూడు. లాటిన్ అక్షరాల మధ్య తలకిందులు చేసిన చిన్న ఇంగ్లీషు ‘ఇ’ లాంటిది (ə) ఉంటుంది. మనం ‘మేక’ అని రాసి ‘మ్యాక’ అంటామే, ఆ అచ్చుకి గుర్తు అది. (మనకీ అలాంటి అక్షరం ఒకటి ఉంటే బాగుండేది!) రష్యన్ మెత్తని గుర్తు (ь) కూడా అచ్చుగా కనిపిస్తే అది 1940కి ముందుదే. ఇక్కడ జాగ్రత్త. ఇప్పటి లాటిన్‌లో ‘జ’ పలికే అక్షరం (c) అప్పట్లో ‘చ’, తోక ఉన్నది (ç) ‘జ’. ఇప్పటి పద్ధతిలో చదివావంటే పేర్లన్నీ తారుమారైపోతాయి.

1928లో టర్కీ కూడా లాటిన్‌కి మారింది. బాకూ, ఇస్తాంబుల్ ఒకరి రాత ఒకరు చదువుకోవడం మాస్కోకి రుచించలేదు. 1937లో స్టాలిన్ సాగించిన వేటలో భాషావేత్త బెకిర్ చోబన్‌జాదేని కాల్చేశారు. 1940 జనవరి 1 నుంచి సిరిలిక్, అంటే రష్యన్ రాసే లిపి, వచ్చిపడింది. పైకి చెప్పిన కారణం, రష్యన్ నేర్చుకోవడం సులువని.

సిరిలిక్‌లోనూ రెండు రకాలు. ‘య’, ‘యు’లకి రష్యన్ అక్షరాలే (я, ю) వాడితే 1958కి ముందుది. వాటి బదులు లాటిన్ ‘జె’ (j) లాంటి అక్షరం, పక్కన అచ్చు ఉంటే తర్వాతది. నీ మూడోది పాతరకం, నాలుగోది కొత్తరకం.

రెండు చోట్ల మోసపోతావు. 1922 నుంచి 1928 దాకా అరబ్బీ, లాటిన్ రెండూ నడిచాయి. 1991 డిసెంబరులో లాటిన్‌ని మళ్ళీ తెచ్చినా 2001 ఆగస్టు 1 దాకా పత్రికల్లో సిరిలిక్ పోలేదు. మొదట ఆ ‘మ్యాక’ అచ్చుకి రెండు చుక్కల ఇంగ్లీషు ‘ఎ’ (ä) పెట్టారు. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే అచ్చు అదే కావడంతో పేజీ నిండా చుక్కలే! నెలల్లోనే, 1992లో, తలకిందుల అక్షరం తిరిగొచ్చింది.

కవి పేరుతోనూ పసిగట్టొచ్చు. మికాయిల్ ముష్ఫిగ్‌ని 1938 జనవరిలో కాల్చేశారు, 1956లో నిర్దోషి అన్నారు. మధ్యలో ఆయన పుస్తకం సోవియట్ అచ్చులో దొరకడం కల్ల.

రష్యన్ కాగితాల్లో పేర్లు వేరేగా కనిపిస్తే కంగారుపడకు. రష్యన్‌లో ‘హ’ లేదు, హేదర్ కాస్తా గేదర్ అయిపోతాడు. సరిహద్దులోని అరస్ నది అవతల, ఇరాన్‌లోని తబ్రీజ్‌లో ఇదే భాషని అరబ్బీ లిపిలోనే రాస్తూ వచ్చారు. ఇవతల పుట్టిన మనవడికి అవతలి తాత ఉత్తరం రాస్తే, అది చదివిపెట్టడానికి మరో ముసలాయన కావాలి.

నాలుగోదాని చివరి పేజీ ఫొటో కూడా పంపు. సోవియట్ పుస్తకాలకి ప్రతుల సంఖ్య, ధర అక్కడే వేస్తారు. ధర దగ్గర ‘మనాత్’ అని ఉంటే అది రూబులే, అజర్‌బైజానీలో దాన్ని అలాగే అనేవాళ్ళు. ‘గెపిక్’ అంటే కోపెక్, రూబుల్లో నూరో వంతు.