తలుపు వేసుకోవడం వేరు, గడియ పెట్టుకోవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ కుటుంబ సలహాల శీర్షికకు ఒక తరహా ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ‘ఆయన ఇంట్లోనే ఉంటారు, ఉన్నట్టు మాత్రం ఉండరు’ అని ఒకరు, ‘నాకంటూ కాస్త సమయం కావాలంటే ఆమె అలుగుతోంది’ అని ఇంకొకరు. వాటికి ఒక వారం ‘స్పేస్ ఇవ్వండి’ అని, మరో వారం ‘మనసు విప్పి మాట్లాడుకోండి’ అని జవాబు వస్తోంది. రెండూ మంచి సలహాలే. ఏది ఎవరికి చెప్పాలో తేల్చుకోకుండా చెబితే మాత్రం రెండూ బెడిసికొడతాయి. దంపతుల కౌన్సెలింగ్‌లో పనిచేసే మేం కొందరం ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

చాలామంది గంటలు లెక్కపెడతారు. ఎంతసేపు ఒంటరిగా ఉన్నారు, ఎన్నిసార్లు ఫోన్ చేశారు, సెలవు ఎవరితో గడిపారు అని. ఆ లెక్కల్లో తేలేది తక్కువ. మధ్యాహ్నమంతా గదిలో చదువుకుని, సాయంత్రం బయటికొచ్చి ‘ఇదిగో, ఈ పేజీ విను’ అనే మనిషి దూరమైపోలేదు. అదే నాలుగు గంటలూ పక్కనే కూర్చుని, అడిగినదానికల్లా ‘ఊఁ’, ‘సరే’, ‘నీ ఇష్టం’ అంటూ ముక్తసరిగా తేల్చేసే మనిషి దగ్గరగా ఉన్నట్టూ కాదు. వెళ్లేటప్పుడు ఏం చెప్పి వెళ్తున్నారు, తిరిగొచ్చాక ఏం చేస్తున్నారు అన్నవి చూడాలి. రెండోది మరీ ముఖ్యం.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి పాత ఆధారమే ఉంది. ఏడాది, ఏడాదిన్నర వయసు పిల్లలపై మేరీ ఎయిన్స్‌వర్త్ రూపొందించిన పరిశీలనలో తల్లి గదిలోంచి రెండుసార్లు వెళ్లి వస్తుంది. ఒక్కో విడత సుమారు 3 నిమిషాలు. బిడ్డ మరీ ఏడిస్తే ముందే వచ్చేస్తుంది. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్న దానికన్నా, ఆమె తిరిగొచ్చాక ఏం చేసిందన్న దానికే అక్కడ విలువెక్కువ. కొందరు చేతులు చాచి, కాసేపు హత్తుకుని, మళ్లీ బొమ్మల దగ్గరికి పోతారు. కొందరు తల్లి వచ్చినా తల తిప్పుకుని ఆడుకుంటూనే ఉంటారు. వీళ్లను చూస్తే ‘ఎంత బుద్ధిగా తన ఆట తాను ఆడుకుంటోందో’ అనిపిస్తుంది. అలాన్ స్రౌఫ్, ఎవరెట్ వాటర్స్ 1977లో గుండె వేగం ఆధారంగా చెప్పింది ఇంకోటి: ముఖంలో కనబడే ఆ నిబ్బరం లోపల లేదు, గుండె వేగంగానే కొట్టుకుంటోంది. సిండీ హజన్, ఫిలిప్ షేవర్ 1987లో బిడ్డకూ తల్లికీ మధ్య అనుబంధం గురించిన ఈ ఆలోచనను పెద్దల ప్రేమబంధాలకు విస్తరించారు. కాబట్టి అంటీముట్టనట్టున్న ముఖాన్ని చూసి లోపల ఏమీ లేదని తీర్పు చెప్పేయకూడదు. అలాగని పది ప్రశ్నల ఇంటర్నెట్ క్విజ్ ఒకటి చూసి భర్త నుదుటనో భార్య నుదుటనో ‘అవాయిడెంట్’ (దగ్గరితనం నుంచి తప్పుకునే మనిషి) అని చీటీ అంటించేయకండి. అలా అంటించిన చీటీని ఊడదీయడానికే మా వృత్తిలో చాలా సమయం పోతుంది.

స్వతంత్రంగా ఉండే మనిషి అవసరమైనప్పుడు సాయం అడగగలడు. జ్వరం వస్తే చెబుతాడు. ఎదుటివారికి జ్వరం వస్తే తన పని పక్కన పెడతాడు. మొద్దుబారిన సంబంధంలో ఈ రెండూ పోతాయి. ఇంకో గుర్తు చాలామంది కంట పడదు: మంచి వార్తకు వచ్చే స్పందన. కష్టం వస్తే ఎంతటివాళ్లయినా మొహమాటానికైనా పలకరిస్తారు. ‘నాకు ప్రమోషన్ వచ్చింది’ అన్నప్పుడు తల ఎత్తకుండా ‘మంచిది’ అని ఫోన్‌లో మునిగిపోతే, అదీ నెలల తరబడి అలాగే సాగితే, దాన్ని అలసట ఖాతాలో వేయలేం.

ఆధారపడనిస్తే నెత్తికెక్కుతారని, దూరం పెడితేనే సొంత కాళ్ల మీద నిలబడతారని ఒక నమ్మకం ఉంది. బ్రూక్ ఫీనీ 2007లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది కనిపించింది. ఆధారపడాలన్న అవసరాన్ని జీవిత భాగస్వామి చిరాకుపడకుండా స్వీకరించినవారే, ఆరు నెలల తర్వాత సొంత లక్ష్యాల దిశగా ఎక్కువ స్వతంత్రంగా నడిచారు. పిలిస్తే పలుకుతారన్న భరోసా ఉంటే మాటిమాటికీ పిలవాల్సిన పని ఉండదు.

ఇక గొడవ వేళ. అసలు చిక్కంతా ఇక్కడే. వాదన ముదిరి గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివారి మాట చెవికెక్కదని జాన్ గాట్‌మన్ పరిశోధనలు చెబుతాయి. అప్పుడు లేచి వెళ్లడం తప్పు కాదు, కొన్నిసార్లు అదే తెలివైన పని. ఒళ్లు చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు కావాలి. అయితే వెళ్లే పద్ధతి ఒకటుంది. ‘నాకిప్పుడు తల పనిచేయడం లేదు. అరగంట నడిచొస్తాను. ఎనిమిదింటికి ఇదే మాట్లాడదాం’ అని కారణం, వ్యవధి, తిరిగి కలిసే సమయం మూడూ నోటితో చెప్పాలి. విరామం అడిగినవారే తిరిగొచ్చి మాట ఎత్తాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం ఇళ్లలో గొడవ దారి మారుతుంది, ఎందుకంటే అవతలివారి అసలు భయం ‘మళ్లీ నేనే బతిమాలుకోవాలి’ అన్నది.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ‘తర్వాత చూద్దాం’ అని గడువు లేకుండా లేచిపోవడం మొదటి తప్పు. వినేవారికి అది విరామంలా వినబడదు, మొహం చాటేసినట్టు వినబడుతుంది. బయట తిరుగుతున్నంతసేపూ ‘నేనేమన్నాను, తనేమంది, ఈసారి ఇలా కడిగేస్తాను’ అని మనసులో లాయరు పని చేయడం రెండోది. అలా చేస్తే 20 నిమిషాలు కాదు, రెండు గంటలైనా గుండె నెమ్మదించదు. మూడో తప్పు ఇంట్లో ఉండిపోయినవారిది. మెసేజ్ మీద మెసేజ్ పెడితే విరామం మొదలైనట్టే కాదు. చెప్పిన సమయానికి ఇంకా తేరుకోకపోతే వచ్చి ఇంకో గంట అడగండి, ఫరవాలేదు. ఒక రోజు దాటనివ్వకండి. రోజులు దాటిన మౌనం అవతలివారికి శిక్షే అవుతుంది, విధించినవారు దానికి ఎంత అందమైన పేరు పెట్టుకున్నా.

‘మగవాళ్లంతే, మాట్లాడరు’ అని మీ శీర్షికలోనూ కనబడే మాట మీద మాకు అభ్యంతరం ఉంది. ఒకరు నిలదీయడం, ఒకరు తప్పుకోవడం అనే ఈ తంతును ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టోఫర్ హీవీ 1990లో పరిశీలించారు. భార్య కోరే మార్పు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు భార్య నిలదీయడం, భర్త తప్పుకోవడం ఎక్కువగా కనిపించాయి. భర్త కోరే మార్పు చర్చకు వచ్చినప్పుడు ఆ తేడా కనబడలేదు. అంటే ఇది పుట్టుకతో వచ్చిన స్వభావం అనేసి వదిలేయడానికి లేదు. మారాల్సింది ఎవరన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఒంటరి సమయం కావాలనుకునేవారు దాన్ని ముందే, గొడవ లేని రోజున అడగాలి. ‘నువ్వు ఊపిరాడనివ్వవు’ అంటే ఫిర్యాదు. ‘వారంలో రెండు సాయంత్రాలు రెండేసి గంటలు నాకు కావాలి, ఆ తర్వాత కలిసి భోంచేద్దాం’ అంటే ఒప్పందం. అవతలివారికీ అంతే సమయం దక్కుతోందా అన్నది వెంటనే చూసుకోవాలి. ఒకరి ఏకాంతం మొత్తం మరొకరి పిల్లల పెంపకం, వంట, ముసలివాళ్ల మందుల మీద నిలబడితే దాన్ని స్వేచ్ఛ అనడం మా నోటికి రాదు. నెల రోజులు నడిపి చూసి, కుదరకపోతే గంటలు మార్చుకోవచ్చు.

అందరి విషయంలోనూ ఈ పద్ధతులు పనిచేయవు. ఒక్క జీవిత భాగస్వామి మీదే కాక స్నేహితుల మీద, ఇష్టమైన పాటల మీద, తిండి మీద కూడా ఆసక్తి చచ్చి, అది రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతోనూ మనసు బండబారినట్టు అనిపించవచ్చు. అప్పుడు మందు సొంతంగా మానేయకుండా రాసిచ్చిన డాక్టరుకే చెప్పాలి. తీవ్రమైన ప్రమాదం, దాడి వంటివి చవిచూసినవారిలో అయినవారి నుంచే తెగిపోయినట్టు ఉండటం ఒక లక్షణం. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ముడుచుకుపోవడం ఆత్మరక్షణ. అలాంటివారికి ‘మనసు విప్పండి’ అని సలహా ఇస్తే ప్రమాదంలోకి నెట్టినట్టే. ముందు భద్రత సంగతి చూడాలి.

కాబట్టి మా విన్నపం చిన్నది. ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడు జవాబు అచ్చువేసే ముందు మీ సలహాదారు నాలుగు సంగతులు అడిగి తెలుసుకునేలా చూడండి: ఇంట్లో భయం ఉందా, ఈ నిరాసక్తత అందరి మీదా లేక ఒక్కరి మీదేనా, వెళ్లేటప్పుడు చెప్పి వెళ్తున్నారా, తిరిగొచ్చాక ముందుగా పలకరించేది ఎవరు? పాఠకులు రాసిన ఉత్తరంలో ఆ వివరాలు లేకపోతే, జవాబు బదులు ఆ నాలుగు ప్రశ్నలే ప్రచురించినా మాకు సంతోషమే.

భవదీయులు,
దంపతుల కౌన్సెలింగ్‌లో పనిచేస్తున్న కొందరు