మా నాన్నగారి స్లయిడ్ల అట్ట మౌంట్లు ఏం చేశారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: స్కానింగ్‌కి ఇచ్చిన 212 స్లయిడ్ల (ప్రొజెక్టర్‌లో వేసి చూసే ఫిల్ము ఫొటోల) అసలు మౌంట్లు, అంటే ఫిల్ముని పట్టి ఉంచే అట్ట చట్రాలు, తీసేయడం, ఫొటోలు తిరగేసి స్కాన్ చేయడం గురించి.

అయ్యా,

మా నాన్నగారు 1972 నుంచి 1981 దాకా తీసిన 212 స్లయిడ్లను మార్చి నెలలో మీ విశాఖపట్నం కౌంటర్‌లో ఇచ్చాను. నాన్న రైల్వేలో పనిచేసేవారు. సెలవు దొరికితే చాలు, మమ్మల్ని వెంటేసుకుని అరకో, గోదావరో వెళ్లేవారు. వచ్చాక హాల్లో తెల్ల పంచెని తెరలా కట్టి ప్రొజెక్టర్ వేస్తే వీధిలో పిల్లలంతా మా ఇంట్లోనే ఉండేవారు. ఆ ప్రొజెక్టర్ పాడై ముప్పై ఏళ్లు దాటింది. హ్యూస్టన్‌లో ఉన్న మా అక్కకీ, మిగతా చుట్టాలకీ పంపొచ్చు కదా అని స్కాన్ చేయించాను.

మీరిచ్చిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పది నిమిషాలకే మా పిన్ని ఫోన్ చేసింది. "ఇదేంటే, మీ అమ్మ గుజరాతీ ఆవిడలా పైట కుడి భుజం మీద వేసిందేంటి?" అంది. అప్పుడు చూశాను. అమ్మ పైట కుడి భుజం మీద ఉంది, నాన్న వాచీ కుడి చేతికి ఉంది. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. కనీసం ఆ బోర్డు చూసైనా మీవాళ్లకి అనుమానం రాలేదా? ఫిల్ముకి ఒకవైపు మెరుపు ఉంటుంది, రెండోవైపు కాస్త మసకగా ఉంటుంది. వెలుతురులో పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఇలాంటివి 61 లెక్కపెట్టాను. మనిషీ అక్షరం ఏదీ లేని కొండలు, నది ఫొటోల్లో ఎన్ని తిరగబడ్డాయో నాకెలా తెలుస్తుంది? పాపికొండల మధ్య లాంచీలోంచి తీసినవే నలభై దాకా ఉన్నాయి. ఏది కుడి ఒడ్డో ఏది ఎడమ ఒడ్డో చెప్పే ఆధారం ఒక్కటే ఉండేది. అది మౌంటు మీద నాన్న రాసుకున్నది.

నా అసలు బాధ ఇక్కడే. అట్ట మౌంట్లలో ఇచ్చిన స్లయిడ్లు కొత్త ప్లాస్టిక్ మౌంట్లలో తిరిగొచ్చాయి. ఫోన్ చేస్తే, "మేడమ్, పాతవాటికి ఫంగస్ పట్టింది, ఫ్రీగా మార్చి ఇచ్చాం" అన్నారు. ఎవరు మార్చమన్నారండీ? అమెరికా నుంచి మా మేనమామ పంపిన కోడాక్రోమ్ ఫిల్ము రోళ్లు తిరిగి అక్కడికే వెళ్లి కడిగించుకుని వచ్చేవి. వాటి అట్ట అంచున ఏ నెలలో, ఏ ఏడాదిలో కడిగారో అచ్చు ఉండేది. దాని కింద నాన్న పెన్సిల్‌తో సన్నగా రాసేవారు. ఒకటి నాకు నోటికొచ్చు: "దేవీపట్నం రేవు. పొద్దున ఆరున్నర. చలి. చిన్నదానికి జ్వరం." ఆ చిన్నది నేనే. ఆ వైపు ఊళ్లు చాలావరకు పోలవరం ముంపు కింద ఖాళీ అయ్యాయి. ఇప్పుడు వెళ్లి ఇది ఏ రేవు అని ఎవరినడగను? నాన్న లేరు.

ఓర్వో కంపెనీ ఫిల్ము మీద తీసిన స్లయిడ్లు కొన్ని ఎర్రబారి ఉన్నాయి. అవి ఇచ్చినప్పుడే అలా ఉన్నాయి, దానికి మిమ్మల్ని అనను.

సైజు సంగతి కూడా చెప్పాలి. రసీదు మీద 4000 డీపీఐ (అంగుళానికి 4000 చుక్కలు) అని మీవాళ్లే రాశారు, డబ్బూ దానికే తీసుకున్నారు. 36 మిల్లీమీటర్ల ఫ్రేముకి ఆ లెక్కన ఒకవైపు 5600 పిక్సెళ్లకు పైనే రావాలి. నాకు వచ్చిన ఫైళ్లన్నీ 1600 పిక్సెళ్లే. ఫోన్ తెరకి సరిపోతాయేమో, ఫ్రేము కట్టించి గోడకి తగిలించడానికి పనికిరావు.

మౌంట్లు మీ చెత్తబుట్టలో గానీ గోడౌన్‌లో గానీ ఇంకా ఉంటే, బూజు పట్టినవైనా సరే, ముక్కలైనా సరే, అన్నీ నాకు పంపండి. మొత్తం 212 స్లయిడ్లనూ సరైన వైపు నుంచి, ఒప్పుకున్న సైజులో, ఉచితంగా మళ్లీ స్కాన్ చేయాలి. అయితే ఈసారి స్లయిడ్లు కౌంటర్‌లో ఇచ్చేసి వెళ్లిపోను. నేనే తెస్తాను, పని అయ్యేదాకా మీ దగ్గరే కూర్చుంటాను. మౌంట్లు దొరక్కపోతే కట్టిన డబ్బంతా వెనక్కివ్వడమే కాదు, వాటిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పారేశారో లిఖితపూర్వకంగా చెప్పాలి. రసీదు, మార్చిలో ఇచ్చేముందు డబ్బాలకి ఫోన్‌లో తీసుకున్న ఫొటోలు జత చేశాను. ఒక ఫొటోలో పై వరస మౌంట్ల మీద నాన్న రాత కనబడుతుంది.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విశాఖపట్నం