నల్ల చిరుత మొదట ఒక ఎన్నికల గుర్తు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం మీద వచ్చిన వ్యాసం చదివాను. మార్టిన్ లూథర్ కింగ్‌కు తగినంత చోటిచ్చిన వ్యాసకర్త, ఆ ఉద్యమ యువనేత స్టోక్లీ కార్మైకేల్‌ను మాత్రం ఉద్యమాన్ని చీల్చి ఆఫ్రికాకు వెళ్లిపోయిన ఆవేశపరుడిగా ఒక్క వాక్యంలో తేల్చేశారు. పక్కనే దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసి, అది సాయుధ దళం చిహ్నమని కింద రాశారు. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాడిని కనుక చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చిరుత పుట్టింది అలబామా రాష్ట్రంలోని లౌండెస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది), అదీ బ్యాలెట్ పత్రం కోసం. 1965 మొదట్లో ఆ కౌంటీ జనాభాలో నూటికి 80 మంది దాకా నల్లవారే అయినా ఓటర్ల జాబితాలో వారిలో ఒక్కరి పేరూ లేదు. ఆ మార్చిలో సెల్మా నుంచి మాంట్‌గోమరీకి కింగ్ నడిపిన యాత్ర ఆ కౌంటీ మీదుగానే సాగింది. యాత్ర ముందుకు వెళ్లిపోయింది గానీ, దాన్ని చూడటానికి రోడ్డు పక్కకు వచ్చిన ఊరివాళ్ల పేర్లు రాసుకున్న 23 ఏళ్ల కార్మైకేల్, విద్యార్థి అహింసా సమన్వయ సంఘంలోని సహచరులు కొందరితో తిరిగివచ్చి అక్కడే మకాం పెట్టారు. యాత్ర ముగిసిన రాత్రే, యాత్రికులను కారులో చేరవేస్తున్న వయొలా లియుజో అనే తెల్ల మహిళను కు క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా ఆ రహదారి మీద కాల్చి చంపింది. ఆగస్టులో హేన్‌విల్ పట్టణంలో జొనాథన్ డేనియల్స్ అనే, క్రైస్తవ మతవిద్య చదువుతున్న తెల్ల విద్యార్థి, తన సహచరురాలైన పదిహేడేళ్ల నల్ల అమ్మాయి మీదికి గురిపెట్టిన తుపాకీకి అడ్డుపడి ప్రాణం విడిచాడు. కాల్చినవాడిని అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఓటు నమోదు చేయించుకున్న కౌలురైతులను భూస్వాములు ఇళ్లు ఖాళీ చేయిస్తే, వాళ్లు రహదారి పక్కన గుడారాలు వేసుకుని చలికాలమంతా పిల్లాజెల్లాతో గడిపారు. వ్యాసకర్త ఆవేశమన్నది ఇంత జరిగిన తర్వాతి మాట.

ఓటు వచ్చాక అది ఎవరికి వేయాలన్నది ప్రశ్న. అలబామా డెమోక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు, దాని మీద ‘శ్వేతజాతి ఆధిపత్యం’ అన్న నినాదం ఉండేది. పోనీ ఆ పార్టీలోనే పోటీ చేద్దామంటే స్థానిక నాయకులు నామినేషన్ రుసుమును పదింతలు చేసి కూర్చున్నారు. అప్పుడు రాష్ట్ర చట్టంలోనే ఉన్న ఒక వెసులుబాటును పట్టుకుని, కార్మైకేల్ బృందం, జాన్ హ్యూలెట్ వంటి స్థానికులు కలిసి కౌంటీ స్థాయిలో సొంత పార్టీ పెట్టుకున్నారు. పార్టీ అన్నాక చదువురాని ఓటర్ల కోసం బ్యాలెట్ మీద ఒక బొమ్మ ఉండాలి కాబట్టి నల్ల చిరుతను ఎంచుకున్నారు. ఆ జంతువు తనంతట తాను మీద పడదనీ, మూలకు నెట్టితేనే తిరగబడుతుందనీ హ్యూలెట్ వివరించేవారు. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని మనవాళ్లు అనే మాటే ఇది. మా నాయనమ్మ ఎన్నడూ పార్టీ పేరు పలికి ఎరుగదు, ‘కాడెద్దులకు వేసొచ్చాను’ అనేది. కాంగ్రెస్‌కు ఆవూ దూడా గుర్తు వచ్చాక కూడా ఆమెకు అది కాడెద్దుల పార్టీయే. బొమ్మ చూసి ఓటేసిన ఇళ్ల నుంచి వచ్చిన మనకు లౌండెస్ సంగతి అర్థం కాకపోవడానికి వీల్లేదు.

గుర్తు పెట్టి ఊరుకోలేదు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) చేయవలసిన పనేమిటి, పన్ను మదింపు అధికారికి ఉన్న అధికారమేమిటి, పాఠశాల బోర్డు ఎందుకు అన్నవాటిని బొమ్మల కథలుగా గీసి, చిన్న చిన్న పుస్తకాలు వేసి పంచారు. (మన పంచాయతీ ఎన్నికల ముందు ఇటువంటి పుస్తకం ఒక్కటి ఎవరైనా పంచగా నేను చూడలేదు.) 1966 మే 3న ఒక చర్చి దగ్గర సుమారు 900 మంది చేరి తమ ఏడుగురు అభ్యర్థులను ఓటేసి ఎన్నుకున్నారు. నవంబరులో ఆ ఏడుగురూ ఓడిపోయారు. భూస్వాములు తమ పొలాల్లో పనిచేసేవాళ్లను బళ్లలో తీసుకొచ్చి తెల్ల అభ్యర్థులకు వేయించారు. 1970లో మాత్రం హ్యూలెట్ అదే కౌంటీకి షెరీఫ్‌గా గెలిచారు.

ఈ మధ్యలో, 1966 జూన్ 16న, తుపాకీ దెబ్బ తిన్న పౌరహక్కుల కార్యకర్త జేమ్స్ మెరెడిత్ ఆపేసిన యాత్రను కింగ్‌తో కలిసి కొనసాగిస్తున్న కార్మైకేల్, మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో నల్లపిల్లల బడి ఆవరణలో గుడారాలు వేయబోయి అరెస్టయ్యి, సాయంత్రం బయటికొచ్చి, ఇది తన ఇరవై ఏడో అరెస్టని జనానికి చెప్పి, ‘బ్లాక్ పవర్’ (నల్లవారికి అధికారం) అన్నారు. పెద్ద పత్రికలకు ఆ మాటలో తుపాకులు వినిపించాయి. లౌండెస్ నుంచి వచ్చిన మనిషికి ఆ పవర్ షెరీఫ్ కుర్చీ, పన్నుల కచేరీ, బడి బోర్డు. కింగ్‌కు ఆ నినాదం నచ్చలేదన్నది నిజమే. అయినా 1967 ఏప్రిల్ 30న అట్లాంటాలోని తన చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ ప్రసంగించబోతున్నప్పుడు ఆయన కార్మైకేల్‌ను ప్రత్యేకంగా పిలిచారు, ఈయన వెళ్లి ముందు వరుసలో కూర్చుని, ప్రసంగం చివర లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరూ బద్ధవిరోధులన్నట్టు రాసేవారికి ఈ దృశ్యం ఎందుకు కనపడదో నాకు తెలియదు.

అదే ఏడాది చార్లెస్ హామిల్టన్‌తో కలిసి రాసిన పుస్తకంలో కార్మైకేల్ ఒక తేడా చూపించారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో చర్చి మీద బాంబు వేసి నలుగురు నల్ల బాలికలను చంపితే సమాజంలో చాలామంది దాన్ని ఖండిస్తారు. అదే ఊళ్లో తిండీ వసతీ వైద్యమూ సరిగా లేక ఏటా 500 మంది నల్ల పసికందులు చనిపోతే మాత్రం నేరస్థుడెవరో ఎవరికీ కనిపించడు. రెండోదానికి వారు పెట్టిన పేరే ‘వ్యవస్థాగత జాతివివక్ష’. ఈ రోజు మన విశ్వవిద్యాలయాల్లో కుల వివక్ష గురించి మాట్లాడేవారు ‘వ్యవస్థాగత’ అన్న మాటను తరచుగా వాడుతుంటారు.

ఆయనను నెత్తికెత్తుకోమని నేను అనడం లేదు. ఉద్యమంలో స్త్రీల స్థానం గురించి 1964లో ఆయన వేసిన వెకిలి జోకును ఆనాటి సహచరురాళ్లలో కొందరు నవ్వి వదిలేసినా, నాకు అది మింగుడుపడదు. 1969లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీకి వెళ్లి, ఘనా మాజీ అధ్యక్షుడు ఎన్‌క్రుమా, గినీ అధ్యక్షుడు సేకూ తూరేల పేర్లు కలిపి క్వామే తూరే అని పేరు మార్చుకున్న మనిషి, తనకు ఆశ్రయమిచ్చిన తూరే పాలనను చివరిదాకా వెనకేసుకొచ్చారు. ఆఫ్రికా ఐక్యతా సంస్థ తొలి ప్రధాన కార్యదర్శి డియాలో తెల్లి 1977లో చనిపోయింది ఆ పాలనలోని బొయిరో జైలులోనే. ఉద్యమంలో అరెస్టయి మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలులో ఇరవయ్యో పుట్టినరోజు గడిపిన మనిషికి ఇంకొకరి జైళ్లు కనపడకపోవడం ఆయన జీవితంలో పెద్ద మచ్చ. ఫోన్ ఎత్తితే హలోకు బదులు ‘విప్లవానికి సిద్ధం’ అంటూనే ఆయన 1998 నవంబరు 15న, 57 ఏళ్ల వయసులో, గినీ రాజధాని కొనాక్రీలో క్యాన్సర్‌తో పోయారు.

చిరుత మాత్రం లౌండెస్‌లో ఆగలేదు. 1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ పెట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరూ గుర్తూ అక్కడి నుంచి తీసుకున్నవే, తుపాకులు ఆ తర్వాత ఆ బొమ్మ పక్కన చేరాయి. ఆ పార్టీ స్ఫూర్తితోనే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ ప్రభృతులు దళిత్ పాంథర్స్‌ను స్థాపించారు.

కనుక ఆ బొమ్మ కింది వ్యాఖ్యకు వచ్చే ఆదివారం సంచికలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ‘లౌండెస్ కౌంటీ, అలబామా, 1966 ఎన్నికల గుర్తు’ అని ఒక్క వరుస చాలు.

— ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, తెనాలి